సువార్తమ్మ ఆంటీ ఉలి

రాతిపొడికి ఒక చేదు వాసన ఉంటుంది. ముక్కుకు అంటుకుందంటే సాయంత్రం దాకా వదలదు. ఐర్లండ్ తూర్పు తీరాన ఒక పాత గాలిమర ఉంది. పాత కట్టడాలను జనానికి ఉచితంగా తెరిచే శని, ఆదివారాలు దగ్గర పడ్డాయంటే నేను వెళ్లి అక్కడి తిరగలిరాళ్లకు కక్కు కొడతాను, అంటే మొద్దుబారిన రాతి ముఖాన్ని ఉలితో గంట్లు పెట్టి మళ్లీ గరుకు చేస్తాను. ఈ ఉదయం మొదటి దెబ్బకే ఆ వాసన లేచింది. పక్కనే సువార్తమ్మ ఆంటీ కూర్చుని "ఏందమ్మా, రాయిని జోకొడతన్నావా?" అన్నట్టే అనిపించింది.

ఆంటీది గుంటూరు జిల్లా. ఇక్కడ నర్సింగ్ హోమ్‌లో నర్సుగా చేసేవారు. నేను మాస్టర్స్ చదివే రోజుల్లో డబ్లిన్ శివారు క్లాండాల్కిన్‌లో వాళ్లింటి పైగదిలో అద్దెకు ఉండేదాన్ని. అప్పట్లో ఒక అబద్ధాన్ని కూడా వెంటేసుకు తిరిగేదాన్ని. మా నాన్నకు ఖమ్మం దగ్గర చిన్న ఊళ్లో సెలూన్ ఉంది. తోటి తెలుగువాళ్లు అడిగితే "నాన్నది బిజినెస్" అనేదాన్ని. ఆంటీకీ అదే చెప్పాను.

ఒక శనివారం చర్చివాళ్లంతా ఆ గాలిమర చూడ్డానికి వెళ్తుంటే ఆంటీ నన్నూ లాక్కెళ్లారు. మరను చూసుకునే డెర్మట్ అనే పెద్దాయన రాళ్లు తిరగడం, పిండి జారడం చూపిస్తున్నాడు. అందరూ ఫొటోలు తీసుకుంటుంటే ఆంటీ మాత్రం చిటికెడు పిండి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, "రాయి మొద్దుబారింది. ఇట్టా తిప్పితే పిండి మాడిద్ది" అన్నారు. ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పగానే డెర్మట్ ముఖం వాడిపోయింది. కక్కు కొట్టే మనిషి చనిపోయాడట, ఇంకెవరికీ ఆ పని రాదట. వచ్చే ఏడాది నుంచి రెక్కలు మాత్రమే తిరుగుతాయి, రాళ్లు ఆపేస్తాం అన్నాడు. "ఐ విల్ డూ" అన్నారు ఆంటీ. ఆయన ఎగాదిగా చూసి "గ్రాండ్" అన్నాడు. ఇక్కడివాళ్లు సరే అనడానికి వాడే మాట అది. ఆ గ్రాండ్‌లో నమ్మకం వీసమెత్తు కూడా లేదు.

ఇంటికి రాగానే ఆంటీ వంటింటి ప్రెస్, అంటే ఇక్కడి మాటలో అలమర, తెరిచి, కారం డబ్బా వెనక నుంచి పాత చీరగుడ్డలో చుట్టిన ఉలి తీశారు. "మా అమ్మది. వీధులెంట 'రోళ్లకు కక్కు కొడతాం' అని కేకలేసుకుంటా తిరిగేది. ఆ సుత్తి చప్పుడే నన్ను నర్సింగు చదివించింది" అన్నారు. నేనైతే అలాంటి వస్తువును ఎవరి కంటా పడకుండా దాచేదాన్ని. ఆవిడ రోజూ చెయ్యి తగిలే చోట పెట్టుకున్నారు.

ఆ చలికాలం డ్యూటీ లేని శనివారమల్లా మరకు వెళ్లేవాళ్లం. మొదటి రోజు జానెడు మేర పూర్తికాగానే డెర్మట్ వంగి, ఆ గంట్ల మీద వేళ్లతో తడిమి చూసి, వెళ్లి టీ పెట్టుకొచ్చాడు. ఉలి మొండిపడితే నూరడం నా పని. ఒకరోజు సానరాయి మీద నూరి, అంచు బొటనవేలి గోటికి ఆనించి చూసి, అలవాటు కొద్దీ, సెలూన్‌లో కత్తిని లాగినట్టు, అరచేతి మీద అటూ ఇటూ లాగాను. ఆంటీ సుత్తి ఆపి చూస్తున్నారు. "ఇది ఏ ఇంజనీరింగ్ కాలేజీలో నేర్పారమ్మా?" అని అడిగారు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆవిడ మళ్లీ సుత్తి ఎత్తారు.

మరుసటి ఏడాది, మరను జనానికి ఉచితంగా తెరిచిన శనివారం, రాళ్లు తిరిగాయి. పిండి చల్లగా, మెత్తగా జారింది. డెర్మట్ ఆంటీ భుజం మీద చెయ్యి వేసి "మా మర బతికిందంటే ఈవిడ వల్లే" అని అందరికీ చెప్పాడు. జనంలో డబ్లిన్ రేవు పక్కన కంపెనీలుండే డాక్‌ల్యాండ్స్‌లో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒక తెలుగాయన ఉన్నాడు. "ఆంటీ, మీకిదెలా తెలుసు?" అన్నాడు. "మా అమ్మ కూలికి రోళ్లు కొట్టేది బాబూ. మా కులవృత్తి" అన్నారు ఆంటీ, గదంతా వినపడేలా. ఆయన తడబడి, ఉలి అందుకుని నావైపు తిరిగాడు. "భలే పదునుందండీ. ఎవరు నూరారు?"

"నేనే."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

ఆంటీ నావైపు చూడలేదు, రాతి మీద దుమ్ము ఊదుతున్నారు. "మా నాన్నది సెలూన్ అండీ. బళ్లో చదివేటప్పటి నుంచి కత్తులన్నీ నేనే నూరేదాన్ని" అన్నాను. ఏ మిన్నూ విరిగి మీద పడలేదు. ఆయన "అదీ సంగతి" అని మళ్లీ అంచు చూసుకున్నాడు. ఆంటీ మాత్రం సుత్తి నా చేతికిచ్చి, "ఇంక ఈ పిల్ల చూపిచ్చిద్ది, చూడండి" అని స్టూలు ఖాళీ చేశారు.

రిటైరై గుంటూరు వెళ్లిపోతూ ఆంటీ ఆ ఉలి నాకే ఇచ్చారు. ఇప్పుడది మా ప్రెస్‌లో, కారం డబ్బా వెనక ఉంటుంది. నూరాక వీడియో కాల్‌లో నాన్నకు అంచు చూపిస్తాను. "ఎడమ పక్క ఇంకొంచెం" అంటాడు, ఎప్పుడూ. ఎక్కడ నేర్చుకున్నారని రేపు మళ్లీ ఎవరో ఒకరు అడుగుతారు. కక్కు సువార్తమ్మ ఆంటీ దగ్గర, పదును మా నాన్న దగ్గర అంటాను. సెలూన్ ఏ ఊళ్లో ఉందో, ఏ వీధిలో ఉందో, అడక్కపోయినా చెబుతాను.