ఎడమచేతి పిలుపు

మొన్న కోరుట్ల బస్టాండులో జగిత్యాల బస్సు కోసం నిలబడి ఉన్నాను. ప్రయాణానికి ముందు సంచిలో ఏమేం పెట్టుకున్నానో కూడా డైరీలో రాసుకునే మనిషిని నేను. వచ్చే బస్సు బోర్డు మీద తప్ప చూపు ఇంకెక్కడా పోనివ్వను. ఆ రోజు మాత్రం పోయింది. మైకులో బస్సుల పేర్లు చదువుతున్నారు, చెరుకురసం బండి గజ్జెలు మోగుతున్నాయి, రోడ్డు మీద పెళ్ళి ఊరేగింపు డీజే గుండెలో కొడుతోంది. ఆ మోతలో ట్రాక్ సూట్ వేసుకున్న ఒక అమ్మాయి తన వెంట తెచ్చిన ఆడపిల్లల్ని పోగుచేయాలని చూస్తోంది. కొందరు సమోసాల దగ్గర ఉన్నారు, కొందరు నీళ్ళ కుళాయి దగ్గర, ఒకతి ఏకంగా నిజామాబాదు బస్సు మెట్టు మీద కూర్చుని జడ వేసుకుంటోంది. ట్రాక్ సూట్ అమ్మాయి ఎడమచేతిలో బాస్కెట్‌బాల్ బంతుల సంచి ఉంది. కుడిచెయ్యి ఖాళీగానే ఉంది. అయినా ఆమె పనిగట్టుకుని సంచిని కుడిచేతిలోకి మార్చుకుని, ఎడమ అరచేతిని నెత్తి మీద పెట్టుకుంది. నోరు విప్పలేదు. పిల్లలు ఒకరిని చూసి ఒకరు పరుగెత్తుకొచ్చి వరస కట్టారు. వరస మధ్యలో ఒక ఖాళీ మిగిలింది. ఆమె ఎడమచేతి బొటనవేలిని, చూపుడువేలిని ఒకదానితో ఒకటి నలిపింది. ఖాళీ మూసుకుపోయింది. ఈలోగా నా బస్సు వచ్చింది, పోయింది కూడా. నేను ఎక్కలేదు.

ఎక్కకపోవడానికి కారణం ఉంది. ఆ రెండు సైగలు నాకు తెలుసు. అవి ఎక్కడ పుట్టాయో, అక్కడినుంచి బాస్కెట్‌బాల్ కోర్టులోకి వాటిని ఎవరు తెచ్చారో కూడా తెలుసు. ఆ తెచ్చిన మనిషి మా అక్క భర్త. నేను ఆ రోజు బస్సెక్కి చూడబోతున్నది కూడా ఆయననే.

మా బావ ప్రభుత్వ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టరుగా చేశాడు. ఉద్యోగం లెక్కన అన్ని ఆటలకూ ఆయనే దిక్కు. మనసు మాత్రం బాస్కెట్‌బాల్ దగ్గరే ఉండేది. కొడిమ్యాల దగ్గర ఒక ఊళ్ళో పటేల్‌గిరీ చేసిన కుటుంబం వాళ్ళది. అరుగు మీద కూర్చుని పొలం గట్టు మీది మనిషిని కేకేసి పిలిచే ఇంట్లో పుట్టినవాడికి గొంతు తగ్గించడం ఎవరు నేర్పుతారు? మొదటి ఉద్యోగం జగిత్యాలలో. ఆయన ఆటగాళ్ళ మీద అరిస్తే ఆ అరుపు ఖిల్లా గోడకు తగిలి తిరిగొచ్చి ఇంకోసారి తిట్టేదని అక్కడి పిల్లలు చెప్పుకునేవారు. ఆ తర్వాత కోరుట్ల. అక్కడ కాలేజీ వెనక సిమెంటు కోర్టును రైతులు పసుపు ఆరబోసుకోవడానికి వాడుకునేవారు. ఇంకొకరైతే గొడవపడేవారు. బావ పసుపు కుప్పల మధ్యనుంచి వంకర్లు తిరుగుతూ బంతి కొట్టుకుపోవడమే సాధన అన్నాడు. రెండేళ్ళలో ఆ పిల్లల్ని ఆపగలిగే జట్టు చుట్టుపక్కల లేకుండా పోయింది. వాళ్ళ బంతి పచ్చగా ఉండేది. ఎదుటి జట్టు వాళ్ళు ఆట అయ్యాక పసుపు చేతులతో పేరంటం నుంచి వచ్చినవాళ్ళలా ఇళ్ళకు పోయేవారు.

చివరికి సిరిసిల్ల కాలేజీకి బదిలీ అయ్యాడు. అక్కడి లైబ్రేరియన్‌ను నేను. నాది నిశ్శబ్దాన్ని కాపాడే ఉద్యోగం, ఆయనది దాన్ని చెదరగొట్టే ఉద్యోగం. పైగా లైబ్రరీ కిటికీలు కోర్టు వైపే తెరుచుకునేవి. కిటికీలు మూయించానని తెలిసి లోపలికి వచ్చి, "నీ లైబ్రరీలకు గాలి గూడ చెప్పులిడిసి రావాల్నా బామ్మర్దీ?" అని అడిగాడు. ఆ గొంతుకే ముందువరస బల్ల మీద నిద్రపోతున్న విద్యార్థి లేచి కూర్చున్నాడు.

అలాంటి మనిషి మెడలో గడ్డ లేచి ఆపరేషన్ చేయించుకున్నాడు. గడ్డ పోయింది, దానితోపాటు గొంతు కూడా పోయింది. మాట్లాడితే గాలి వచ్చేది, మాట వచ్చేది కాదు. చెవి ఆయన నోటి దగ్గర పెడితే తప్ప ఏమీ తెలిసేది కాదు. నరం దెబ్బతిన్నదని, ఇక ఇంతేనని డాక్టరు చెప్పాడు. అక్క బాధను ఎగతాళిలో దాచుకునే మనిషి. "ఇన్నేండ్లు నేను అన్నది నీకు ఇనపడలే. గిప్పుడు నువ్వన్నది నాకు ఇనపడ్తలేదు. లెక్క సరిపోయింది పో" అని అన్నం వడ్డిస్తూ అంది. వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నది కూడా నేను చూశాను.

సెలవు అయిపోయి కోర్టులోకి దిగిన రోజే సంగతి అర్థమైంది. ఈల ఊదాలంటే ఊపిరి నిలవడం లేదు. నిలిచి ఊదినా పిల్లలు ఆగి ఆయన ముఖం వైపు చూస్తారు, ఆ తర్వాత చెప్పాల్సిన మాట రాదు. పలక కొనుక్కొచ్చి సుద్దతో రాసి చూపించాడు. ఆయన ఒక మాట రాసేలోపు బంతి కోర్టు ఆ చివరనుంచి ఈ చివరకు వచ్చి పోయేది. ఆయన రాసింది చదివి ఒకమ్మాయి, "సార్, గిది ఇందాకటి మాట గదా" అనేసింది. ప్రిన్సిపాల్ మంచివాడు. ఒకరోజు మా ఇద్దరినీ కూర్చోబెట్టుకున్నాడు. "మీ ఆరోగ్యం కోసమే అంటున్న సార్. పరీక్షల సెక్షన్ల కూసుంటే నీడపట్టున ఉంటరు. జగిత్యాల టోర్నమెంటు దాక చూద్దాం. టీము మీ చేతుల నడిస్తే సరే, లేకుంటే వేరే ఎవరికన్న అప్పజెప్పుదాం" అన్నాడు. బయటికొచ్చాక బావ నా భుజం లాగి చెవిలో ఊదాడు: "బామ్మర్దీ, నాకు నీడ పడదు." నాకు నవ్వు రాలేదు. కోర్టు లేకుండా ఆయనను నేను ఊహించలేకపోయాను. ఆయన కూడా ఊహించలేకపోతున్నాడని ముఖం చూస్తే తెలుస్తోంది.

ఆ ఏడు ఆడపిల్లల జట్టుకు కెప్టెన్ ఒక నేత కార్మికుడి బిడ్డ. తండ్రి సాంచా నడిపేవాడు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు. పిల్లను జగిత్యాల పంపడానికి తండ్రి ఒప్పుకోలేదని తెలిసి, అడగడానికి బావ బయలుదేరాడు. ఆయన గొంతుగా నేను వెంట వెళ్ళాను. ఏమేం చెప్పాలో వరసగా మనసులో పెట్టుకున్నాను. ఇంటి వెనక రేకుల షెడ్డులోకి అడుగు పెట్టగానే నా వరసంతా కొట్టుకుపోయింది. పక్కపక్కన సాంచాలు, నేల కూడా వణికిపోయే మోత, గాలిలో నూలు పీచు, నూనె వాసన. నేను గొంతు చించుకుని అరిచాను. నా అరుపు నాకే వినపడలేదు. అక్కడ నా గొంతు, బావ గొంతు సమానమైపోయాయి.

ఆ తండ్రి మమ్మల్ని చూశాడు. కుడిచెయ్యి సాంచా మీదినుంచి తీయకుండా ఎడమ అరచేతిని నెత్తి మీద పెట్టుకున్నాడు. షెడ్డు ఆ మూల నూలు కండెలు అందిస్తున్న కూతురు పరుగున వచ్చింది. దూరంగా ఇంకో సాంచా మీద దారం తెగింది. ఆయన ఎడమచేతి రెండు వేళ్ళు నలిపాడు. అక్కడున్న మనిషి కంటి చివరతోనే చూసి దారం అతికాడు. తర్వాత తండ్రీకూతుళ్ళు వేళ్ళతో, కనుబొమలతో మాట్లాడుకున్నారు. ఎందుకొచ్చిండ్రు అని ఆయన, జగిత్యాల సంగతి అని ఆమె, ఎవరెవరు పోతారని ఆయన, అందరమూ అని ఆమె. ఒక్క మాట లేకుండా మొత్తం సంభాషణ నాకు కూడా అర్థమైపోయింది. బావ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఆయన చెయ్యి నా భుజాన్ని పట్టుకున్న పట్టుకు మర్నాడు కూడా నొప్పి తగ్గలేదు.

బయట వాకిట్లో నీళ్ళు ఇచ్చి ఆ తండ్రి అన్నాడు: "ఇంత దూరం అచ్చి అడిగిండ్రు, పంపుత సార్. గొంతు పోయిందని రంది వెట్టుకున్నరట, పిల్ల చెప్పింది. మాకు సాంచా కాడ గొంతుండి ఏం ఫాయిద?"

తర్వాత సాయంత్రాలు బావ ఆ షెడ్డులోనే స్టూలు వేసుకుని కూర్చునేవాడు. కెప్టెన్ ఆయనకు నేర్పేది, ఆయన జట్టుకు నేర్పేవాడు. బోయినపల్లి, ఎల్లారెడ్డిపేట నుంచి వచ్చే వ్యవసాయదారుల పిల్లలు మొదట నవ్వారు, తర్వాత క్లాసులో కూడా వాడటం మొదలుపెట్టి లెక్చరర్లను ఏడిపించారు. నెత్తి మీద అరచెయ్యి అంటే దగ్గరికి రండి. రెండు వేళ్ళు నలిపితే దారం తెగింది, అతకండి; అంటే మన వరసలో ఖాళీ వచ్చింది, మూయండి. బావ అలవాటుగా కుడిచెయ్యి ఎత్తితే కెప్టెన్ ఒప్పుకునేది కాదు. "కుడిచెయ్యి లేపితే సాంచా ఇడిసిపెట్టినట్టు సార్. మా నాయిన చూస్తే ఏడ నష్టమయిందో అని ఉరికస్తడు. మాట్లాడుడంత ఎడమచెయ్యే." ఆలోచిస్తే ఆటకూ అదే కుదిరింది. కుడిచేత్తో బంతి కొడుతున్న పిల్లకు ఖాళీగా ఉండేది ఎడమచెయ్యే. పటేల్‌గిరీ ఇంటి మనిషి మాట్లాడటం మళ్ళీ మొదటినుంచి, ఎడమచేత్తో నేర్చుకున్నాడు.

జగిత్యాలలో ఫైనల్ ఆ ఊరి కాలేజీతోనే పడింది. వాళ్ళ కోచ్ ఒకప్పుడు బావ దగ్గర ఆడినవాడే. గొంతు కూడా గురువుదే. కోర్టు చుట్టూ డప్పులు, పళ్ళేలు, మైకు. ఆ జనానికి అరవడం నేర్పింది ఒకప్పుడు మా బావే, ఆ పంట ఆ రోజు ఆయన మీదికే వచ్చింది. వాళ్ళ కోచ్ మెడ నరాలు ఉబ్బేలా అరుస్తున్నాడు. అతని జట్టు పిల్లలు "ఏంది సార్? ఏంది?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వెనక్కి తిరుగుతున్నారు. మా పిల్లలు వెనక్కి తిరగలేదు. కంటి చివర బావ ఎడమచెయ్యి ఉంది. అది కదిలితే కెప్టెన్ ఎడమచెయ్యి కదిలేది, అది కదిలితే ఐదుగురూ ఒక గుడ్డలో పోగుల్లా కదిలేవారు. నేను జీవితమంతా నిశ్శబ్దాన్ని కాపాడినవాణ్ణి. ఆ మోత నడిబొడ్డున అంత నిశ్శబ్దాన్ని లైబ్రరీలో కూడా ఎన్నడూ చూడలేదు. ఆ రాత్రి డైరీ తెరిచి, "ఎండ. ఫైనల్" అని రాసి, తర్వాత ఏం రాయాలో తెలియక మూసేశాను.

ఒక్క బాస్కెట్ తేడాతో ఓడిపోయాం. పిల్లలు ఏడ్చారు, బావ ఏడవలేదు. గెలిచినవాళ్ళ డప్పులు ఇంకా పెరిగాయి. చీకటి పడకముందే తిరుగు బస్సు ఎక్కించాలని మా ప్రిన్సిపాల్ కోర్టు ఈ చివర నిలబడి, "అమ్మా! రాండ్రి! బస్సు! బస్సూ!" అని అరిచాడు. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అరిచి దగ్గు తెచ్చుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. చేతిలోని ఫైలు కుడి చంకలో పెట్టుకుని, సిగ్గుపడుతూ ఎడమ అరచెయ్యి నెత్తి మీద పెట్టుకున్నాడు. పిల్లలంతా పరుగెత్తుకొచ్చారు. బావ కూడా వచ్చాడు. ప్రిన్సిపాల్ ఆయన వైపు చూసి, ఆ చెయ్యి దించకుండానే నవ్వాడు. పరీక్షల సెక్షన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బావ రిటైరయ్యే రోజు దాకా ఎండలోనే ఉన్నాడు.

ఇదంతా జరిగి ఇరవై ఏళ్ళ పైమాటే. ఆ షెడ్డు మూతపడింది, సాంచాలు తుక్కు కింద పోయాయి. అందుకే కోరుట్ల బస్టాండులో ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి, ఆ సైగలు ఎవరు నేర్పారమ్మా అని అడిగాను.

"మా మేడం నేర్పింది సార్. ఆమెకు గూడ వాళ్ళ మేడమే నేర్పిందట. ఏమైంది సార్?"

"ఎడమచెయ్యే ఎందుకు?"

ఆమె తన చెయ్యి వైపు మొదటిసారి చూసుకున్నట్టు చూసుకుంది. "ఏమో సార్. బాస్కెట్‌బాల్‌ల అంతట గట్లనే ఉంటది కావచ్చు. కుడిచెయ్యి ఎత్తితే మా మేడం కొడ్తుండె."

"సాంచా ఎప్పుడన్నా చూసినవా బిడ్డా?"

"సాంచా అంటే ఏంది సార్?"

తర్వాతి బస్సు ఎక్కి జగిత్యాల చేరేసరికి బావ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సంగతంతా చెప్పాను. బావ దగ్గరికి రమ్మన్నట్టు చూసి, చెవిలో ఒక్కటే అడిగాడు: "ఏ చెయ్యి?"

ఎడమదే అన్నాను. సంచి మార్చుకుని మరీ ఎత్తిందని చెప్పాను. ఆయన ఒళ్ళో ఉన్న తన ఎడమచేతిని కుడిచేత్తో పట్టుకుని, అది వేరే ఎవరిదో అయినట్టు నిమురుతూ కూర్చున్నాడు. ఆ చెయ్యి వైపే చూస్తూ నేను కూడా పక్కనే కూర్చున్నాను. ఎప్పుడో ఆగిపోయిన సాంచా మీద ఎవరిదో కుడిచెయ్యి ఇంకా ఉందన్నట్టుగా, దాన్ని ఎన్నడూ చూడని పిల్లలు ఎడమచేతినే ఎత్తుతున్నారు. కాలం పోయిందని ఇన్నాళ్ళూ డైరీలో తేదీలు వేస్తూ వచ్చిన నాకు, అది పోలేదని, చేతులు మాత్రమే మారాయని ఆ సాయంత్రం తెలిసింది.