నాలుగో దిక్కు

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో శ్రీలంక ప్రయాణం గురించి చిన్నపాటి యుద్ధం జరిగింది. మా అమ్మాయి చాపమీద బోర్లా పడుకుని ఫోన్లో దారి వేస్తోంది. వాళ్ల నాయనకు పాత గుళ్లు కావాలి, దానికి దీవులు కావాలి. ఆయన ఒక శివాలయం చేరిస్తే అది పోటీగా ఒక బీచి చేరుస్తుంది. చివరికి జాఫ్నా దగ్గర ఒక చిన్న దీవిలో అమ్మవారి పాత గుడి ఉందని, పడవలోనే పోవాలని తేలేసరికి ఇద్దరికీ రాజీ కుదిరింది. అంతలో ఓ పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా అత్త తలెత్తకుండానే అడిగింది. "ఆ దీవికి నాలుగు పక్కలా నీళ్లేనా పాపా?"

"దీవంటేనే అది కదవ్వా" అంది మనవరాలు.

"అట్లయితే నేనూ వస్తా."

మా ఆయన ఉలిక్కిపడ్డాడు. "డెబ్బై దాటినాక పడవలేందిమా? కాలు జారితే ఎవురు పట్టుకునేది?" అన్నాడు. ఆమె కొడుకును వదిలేసి నా వైపు చూసింది. ఆ చూపులో ఏముందో ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మా అత్త నగరిలో మగ్గం ఇంట్లో పుట్టింది. నాలుగో తరగతిలో ఉండగా మగ్గానికి నూలు కండెలు చుట్టడానికి మనిషి కావాలని బడి మాన్పించారు. బడిలో ఆమె విన్న ఆఖరి పాఠం భూగోళం. నాలుగు దిక్కులా నీళ్లున్న భూమిని దీవి అంటారు. నా పెళ్లయిన కొత్తలో, దోసెలకు పిండి రుబ్బుతూ ఆ వాక్యాన్ని గడగడా ఒప్పజెప్పింది. "అయివారు అబద్దం సెప్తా ఉండాడనుకుంటి పాపా. మనకు ఒక్క దిక్కునన్నా నీళ్లుండాయా? బోరింగు కాడ బిందెలు పెట్టుకోని కొట్లాడతా ఉంటిమి. నాలుగు దిక్కులా నీళ్లే ఉంటే ఇంక ఆడోళ్లకు పనేముంటాది!" అని పడీపడీ నవ్వింది. నవ్వడమైతే నవ్వింది కానీ ఆ మాటను ఏనాడూ వదల్లేదు. ఒక్కసారి అలాంటి నేలమీద నిలబడి, చుట్టూ తిరిగి కళ్లారా చూసుకోవాలి, అంతే ఆమె కోరిక.

పెళ్లై వచ్చిందేమో తిరుపతికి. తిరుపతిలో ఇల్లున్నవాళ్లకు తెలుసు, మనకు చుట్టాలని తెలియనివాళ్లు కూడా మనకు చుట్టాలే. కొండకు పోయే ముందు ఒక పూట, దిగాక ఒక పూట, గుండు కొట్టించుకున్న తలలు మా వసారాలో వరసగా నిద్రపోయేవి. ఎవరు ముందు కపిలతీర్థం చూడాలి, ఎవరు తిరుచానూరు పోయి ఏ వేళకు రైలందుకోవాలి అన్నీ మా అత్తే చెప్పేది. ఎంతమందినో ఊళ్లు తిప్పిన ఆమె మాత్రం పుట్టిల్లు నగరి దాటి పోయింది తక్కువ. మా మామది చిల్లర అంగడి. ఆయన వాదన ఒకటే: "పెపంచమంతా మనూరికొస్తా ఉంటే మనం యాడికి పోవాల?" గుడి పేరు చెబితే మాత్రం కాస్త మెత్తబడేవాడు. మా అత్త ఆ మెత్తని చోటు కనిపెట్టింది.

మొదట శ్రీరంగం అంది. రెండు పాయల మధ్య అదీ దీవేనని ఎవరో యాత్రికులు ఆమె చెవిన వేశారు. పోయింది నిండు వేసవిలో. కావేరిలో ఇసుక తప్ప చుక్క నీరు లేదు, పిల్లలు నది మధ్యలో క్రికెట్టు ఆడుతున్నారు. దేవుణ్ణి తృప్తిగా చూసింది కానీ తిరుగు రైలంతా ముభావంగా కూర్చుంది. కొన్నేళ్లు ఆగి రామేశ్వరం మొదలుపెట్టింది. సముద్రం చూడ్డానికేనా ఇంత తిప్పలు అని మామ పసిగట్టి అడిగితే, "గుడికే గదయ్యా. సామి పొయ్యి దీవిలో కూసోనుంటే నేనేం జేసేది?" అంది. ఆయన పోయి టిక్కెట్లు తెచ్చాడు.

ఆ ప్రయాణంలో నేనూ ఉన్నాను. ఆ దీవి కొసన ఉన్న ధనుష్కోటి దాకా ఇసుకలో ఎగురుకుంటూ జీపులో పోయాం. దిగగానే ఆమె చెప్పులు విడిచి, గుడిలో ఆత్మప్రదక్షిణ చేసినట్టు నిలబడిన చోటే మెల్లగా ఒక చుట్టు తిరిగింది. ముందు సముద్రం, కుడివైపు సముద్రం, ఎడమవైపు సముద్రం. వెనక్కి తిరిగేసరికి మేం వచ్చిన ఇసుక దారి, జీపు, గొడుగు కింద విసుక్కుంటున్న మామ. "మూడే పాపా" అంది నా చెవిలో. "నాలుగోది ఇంకా ఉండాది." ఆ పక్కన కనబడని నేల లంక అని జీపతను చేయి చూపిస్తే చాలాసేపు అటే చూసింది.

మామ పోయి ఆరేళ్లైంది. ఆయన ముందు చెప్పుకోని ఆ మాటను ఆమె కొడుకు ముందు మాత్రం ఎందుకు చెప్పుకుంటుంది? అందుకే మొన్న నేనే చెప్పాను, బడి దగ్గర్నుంచి జీపు దాకా. ఊరంత చుట్టాలకు వండి వార్చుతూ, ఎవరితోనూ తగవు పడకుండా, ఎవర్నీ నిష్ఠూరమాడకుండా, ఒక్క కోరికను ఇంత కాలం వాడిపోకుండా నిలుపుకున్న మనిషి నాకు అత్తగా దొరికిందని నాకెంత గర్వమో కూడా చెప్పాను. ఆమె రాకపోతే నేనూ రానన్నాను. మా ఆయన కూతురి వైపు తిరిగి, "ఆ పడవలో పట్టుకునేదానికి కమ్మీలుంటాయేమో సూడు" అన్నాడు.

మర్నాడే మా అత్త పట్టుచీర కట్టుకుని పాస్‌పోర్టుకు ఫోటో దిగింది. సాయంత్రం మనవరాలు ఆ దీవిని ఫోన్లో పెద్దది చేసి చూపించింది. నీలం మధ్యలో ఇంత పచ్చటి మరక. మా అత్త దాని చుట్టూ వేలు తిప్పుతూ పైకే లెక్కపెట్టింది, ఒకటి, రెండు, మూడు. అక్కడ వేలు ఆపేసింది.

"నాలుగోది ఆడికి పొయినాక లెక్కపెడతా" అంది.

ప్రయాణం ఫిబ్రవరిలో. ఒక్క వాక్యాన్ని పూర్తిగా చదవడానికి ఆమెకు దాదాపు జీవితమంతా పట్టింది, చివరి మాటకు ఇంకో నాలుగు నెలలు ఆగలేదా ఏమిటి.