సబ్బు తగలని గిన్నెలు

గిన్నెల మేడమ్ అన్న పేరు ఆమెకు ఎవరూ గౌరవంతో పెట్టలేదు. అంత చదువు చదివి, పరిశోధనాశాల రెండో అంతస్తు చివరి గదిలో తొట్టి ముందు నిలబడి గాజు గిన్నెలు తోముకుంటూ ఉంటే ఎవరు మాత్రం నవ్వరు?

ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. పిల్లలు లేరని అక్కను నలుగురూ నానా మాటలూ అంటుంటే ఏళ్ళ తరబడి విన్నది. లోపం ఎక్కడుందో ఏ డాక్టరూ చెప్పలేకపోయాడు. కళ్ళారా చూస్తే తప్ప తెలియదని, పిండాన్ని గాజు గిన్నెలో పెంచి చూడాలని పట్టుబట్టింది. ముందు ఎలుక పిండం. అది రెండు కణాలయ్యేది, అక్కడే ఆగి చచ్చిపోయేది. నాలుగేళ్ళుగా ఇదే వరస.

"తల్లి కడుపు బయట అది బతకదమ్మా," అన్నాడు శాఖాధిపతి. "నెలాఖరు దాకా చూడు. ఆ తర్వాత ఆ గదిలో విరిగిన కుర్చీలు పెట్టుకుంటాం."

విరిగిన కుర్చీల పాటి చెయ్యలేదన్నమాట తన పని! ఒళ్ళు మండిపోయింది. రాత్రీ పగలూ అదే ఆలోచన. ద్రవం మార్చింది, వేడి మార్చింది, ఆఖరికి ఎలుకల్నీ మార్చింది. గిన్నెలు కడిగే సబ్బు మాత్రం ఎన్నడూ మార్చలేదు.

ఆ సబ్బే పిండాల్ని చంపుతోందేమోనని ఓ రాత్రి తట్టింది. ఇక సబ్బు ముట్టకుండా వేడినీళ్ళతో, ఆపైన డిస్టిల్డ్ వాటర్‌తో, పన్నెండేసి సార్లు తానే కడగసాగింది. "ఇంట్లో మాత్రం ఇక్కడి పుల్ల తీసి అక్కడ పెట్టవు," అని దెప్పింది అక్క, పగిలిన ఆ వేళ్ళకు మందు రాస్తూ.

ఇరవై గిన్నెల్లో పదింటిని కడిగి ఎడమ అరలో పెట్టేసరికి జ్వరం ముంచుకొచ్చింది. మర్నాడు చూస్తే కుడి అరలోనూ పది గిన్నెలు తళతళలాడుతున్నాయి. ఒళ్ళు తెలియని జ్వరంలో తానే కడిగి మరిచిపోయాననుకుని ఇరవైలోనూ పిండాలు పెట్టి, వెచ్చని పెట్టెలో ఎడమవి ఎడమ అరలో, కుడివి కుడి అరలో ఉంచింది. చేతిలో మిగిలింది ఒక్క వారమే.

మూడో రోజు ముందుగా కుడి అర తీసింది. పదికి పదీ చచ్చాయి. స్టూలు మీద కూలబడి ఏడ్చేసింది. గది ఊడ్చే ఆయా చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందమ్మా? కుడి అరలోవేనా? అవి నేనే తోమాను. జ్వరంతో మీరు పడే కష్టం చూడలేక... సబ్బు బాగా పట్టించే తోమానమ్మా!"

తిట్టబోయింది. అంతలో ఎడమ అరలోవి సబ్బు తగలనివని గుర్తొచ్చింది. లేచి ఎడమ అర తీసింది. మొదటి గిన్నెలో ఎనిమిది కణాలు. రెండోదాంట్లోనూ ఎనిమిదే. పదింట్లో తొమ్మిది బతికే ఉన్నాయి. ఆయాను గట్టిగా కావలించుకుంది.

శాఖాధిపతి మైక్రోస్కోపులోంచి తల ఎత్తడానికి చాలాసేపు పట్టింది. "కుర్చీలకు వేరే చోటు చూద్దాంలే," అన్నాడు.

ఆమె పని ఆసుపత్రుల దాకా చేరేసరికి అక్కకు వయసు దాటిపోయింది. ఆ బాధ చెల్లెలికి చివరిదాకా ఉండిపోయింది. అయినా ఆ గదిలో మరో ముప్పై ఏళ్ళు పనిచేసింది. కొత్తగా చేరినవాళ్ళెవరైనా మొదటి నెల గిన్నెలే కడగాలి. మొహం ముడుచుకున్నవాళ్ళకు గోడమీద పటం కట్టిన తన మొదటి వ్యాసం చూపించేది. దాని చివర కృతజ్ఞతల్లో ఒక్క ఆయా పేరే ఉంది.

అప్పట్లో ఆ పేరు తీసేయమని శాఖాధిపతి చాలా చెప్పి చూశాడు.

"సబ్బుతో తోమింది ఆవిడ, సబ్బు లేకుండా తోమింది నేను," అన్నదామె. "అన్నీ నేనే తోమి ఉంటే, అవి ఎందుకు బతికాయో ఇప్పటికీ తెలిసేది కాదండీ."