అనాస కోత గదిలో పగ

అనాస ముక్కల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో ఆమెను అందరూ చురకత్తి అనేవారు. చేతిలో కత్తి ఎంత వేగమో నోరూ అంతే. ఆ నోరు ఒక్కరి ముందు మాత్రం మూతపడేది. ఆవిడ కోత గదికి సూపర్‌వైజరు, చురకత్తి భర్తకు స్వయానా అక్క. తమ్ముడు తనను అడక్కుండా పెళ్లి చేసుకున్నాడన్న కడుపుమంటనంతా వదిన ఈమె చేతుల మీద తీర్చుకుంది. మంచి చేతి తొడుగులు అందరికీ, చిరిగినవి మరదలికి.

పచ్చి అనాస రసం ఊరికే ఉండదు, మాంసకృత్తులు ఎక్కడ తగిలితే అక్కడ తెంపుతుంది. మనం తిన్న గుడ్డు, మాంసం కడుపులో అరిగేదీ ఇలాంటి తెంపుడుతోనే. ఇక్కడ అరుగుతున్నవి మాత్రం చురకత్తి వేళ్లు. కొసలన్నీ పచ్చిపుండ్లు. ఇంట్లో తన చంటిదాన్ని ఎత్తుకున్నా ప్రాణం పోయినంత పనయ్యేది.

"పళ్లరసానికి చేతులు పాడవుతాయా ఎక్కడైనా? నువ్వు మరీ నాజూకు," అనేది వదిన, పదిమందీ వినేలా.

చురకత్తి పళ్లు నూరుకుంది. దీనికి బదులు తీర్చుకోకపోతే తను మనిషే కాదనుకుంది.

అవకాశం వెతుక్కుంటూ వచ్చింది. కొత్తరకం అనాస జెల్లీతో యజమానురాలిని మెప్పించి మేనేజరు కుర్చీ ఎక్కాలని వదిన ఎత్తు. "ముక్కలు బాగా ఉడికించి ఇవ్వు," అని మరదలికి పురమాయించింది. చురకత్తి బుద్ధిగా తల ఊపి, ఉడికినట్టు కనబడేలా పచ్చివే చల్లారిన పాకంలో ముంచి ఇచ్చింది.

మర్నాడు యజమానురాలి ముందు మూత తీస్తే జెల్లీ గట్టిపడనే లేదు, గిన్నె నిండా పచ్చని నీళ్లు. వదిన ముఖాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

"ఇది పచ్చి ముక్కలు ఇచ్చిందండీ," అంది పక్కనే ఉన్న మరదలిని చూపిస్తూ.

"పచ్చివైతే ఏమవుతుంది?" అడిగింది యజమానురాలు.

"జెల్లీ అంటే పశువుల చర్మం, ఎముకలు ఉడకబెట్టి తీసిన జిగురే కదండీ. పచ్చి రసం దాన్ని తినేస్తుంది. ఉడికిస్తేనే ఆ గుణం చస్తుంది. నాకు మొదట్నుంచీ తెలుసండీ ఈ సంగతి," గుక్క తిప్పుకోకుండా చెప్పింది వదిన.

చురకత్తి తొడుగులు విప్పి రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

"అంటే, చర్మాన్ని తినేస్తుందని తెలిసే నాకు చిరిగినవి ఇచ్చావన్నమాట వదినా."

యజమానురాలు ఆ వేళ్లు చూడలేక తల తిప్పుకుంది. మేనేజరు కుర్చీ మాట దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమూ మధ్యాహ్నానికే ఊడింది.

సాయంత్రం వదిన మరదలి ఇంటికొచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది.

"తమ్ముడికి మాత్రం చెప్పకమ్మా."

"ఎప్పుడో చెప్పాను వదినా. మా అక్క అలాంటిది కాదన్నాడు. ఇప్పుడు నీ నోటితో నువ్వే చెప్పు," అని చురకత్తి లోపలి గదిలో ఉన్న మొగుణ్ణి కేకేసింది.