సైలెన్సరు సంచితో రేపల్లె, బాపట్ల

నేను తెనాలిలో ముప్పై అయిదేళ్లుగా మోటారు సైకిళ్లు బాగుచేస్తున్నాను. తీర్థయాత్రకు పోదామన్నా ఓపిక లేదనే మనిషిని. అలాంటిది జనవరిలో ఒక బుధవారం, ఒకే ఒక్క ప్రశ్న పట్టుకుని రేపల్లె వెళ్లి, అక్కణ్ణించి బాపట్ల వెళ్లి, సాయంత్రానికి ఇల్లు చేరాను. ఆ ప్రశ్న మా మేనల్లుడు శివది.

శివ మా అక్క కొడుకు. వాళ్లది చీరాలలో మగ్గాల ఇల్లు. ఆ పని పట్టక నా షెడ్డుకు వచ్చి నాలుగేళ్లున్నాడు. మంచి పనివాడు. కాకపోతే ప్రతిదానికీ "ఎందుకు మామయ్యా?" అంటాడు. నేనేమో "వద్దంటే వద్దు, అంతే" అంటాను. ఒకరోజు ఆ మాట మీదే పానా కింద పెట్టి వెళ్లిపోయాడు. ఇప్పుడు మనాలి దగ్గర టూరిస్టులను ఎక్కించుకుని మంచు మీద స్నో స్కూటరు నడుపుతున్నాడు. ముందు రెండు స్కీలు, వెనక రబ్బరు పట్టా, మధ్యలో టూ స్ట్రోక్ ఇంజిను ఉండే బండి అది. మంగళవారం సాయంత్రం ఫోను చేశాడు. వెళ్లిన రెండేళ్లలో పని గురించి నన్ను అడగడం అదే మొదటిసారి.

"మామయ్యా, ఇద్దరు ఎక్కితే పై మలుపు దగ్గర బండి లాగట్లేదు. ఇక్కడొకాయన బయటి కంపెనీ సైలెన్సరు అమ్ముతున్నాడు. అది బిగిస్తే బలం బాగా పెరుగుద్దంట. నిజమేనా?"

వద్దు అనే మాట నాలుక చివర దాకా వచ్చింది. ఎందుకని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. మంచు బండిని నేను కళ్లతో చూసింది లేదు. "రేపు సాయంత్రం చెప్తాను, అందాకా ఆగు" అన్నాను.

అడగడానికి ఇద్దరు గుర్తొచ్చారు. ఒకరు రేపల్లె అవతల ఉండే కోటయ్య గారు. సైన్యంలో ఉన్నప్పుడు మంచు కొండల్లో ఈ స్కూటర్లకే మెకానిక్కుగా చేశారు. రెండో ఆయన బాపట్లలో ఒక కాలేజీ ఇంజిన్ ల్యాబులో పనిచేసే ప్రసాద్ గారు. ఆయన దగ్గర ఇంజిను బలం కొలిచే యంత్రం ఉంది. ఊరికే నోటిమాటలు వినడమెందుకని, ఎవరో కుర్రాళ్లు తమ పాత టూ స్ట్రోక్ బండికి పెట్టించుకుని, పోలీసులు ఆపాక విప్పి నా షెడ్డులో పడేసిన, మధ్యలో పొట్టలా ఉబ్బిన గొట్టం సైలెన్సరును గోనెసంచిలో వేసుకున్నాను.

పొద్దున ఆరున్నరకు స్టేషన్లో రెండు ఇడ్లీలు తిని రేపల్లె పాసింజరు ఎక్కాను. టికెట్టు పది రూపాయలు. రాత్రి సరిగ్గా నిద్ర లేదు, మోకాళ్లు అప్పటికే సలుపుతున్నాయి. వేమూరులో అరటి గెలలతో ఒక పెద్దావిడ ఎక్కింది. కొల్లూరు లంకల సరుకట. నా సంచిలోంచి పొడుచుకొచ్చిన గొట్టం ఆమె కాలికి తగిలింది.

"ఏంటి బాబూ ఇది, సన్నాయా?"

"సైలెన్సరండి. పెద్ద శబ్దం చేస్తది."

"శబ్దం చేసేదానికి ఆ పేరేంటి నాయనా!" అని నవ్వి, నా అలసట చూసిందో ఏమో, గెల నుంచి రెండు పళ్లు తుంచి చేతిలో పెట్టింది.

ఎనిమిది దాటాక రేపల్లెలో దిగాను. స్టేషన్ బయట నిజాంపట్నం వైపు వెళ్లే షేర్ ఆటో నిండేదాకా ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ఈ దారిన వెళ్లేవాళ్లు వెనక సీటు అడగండి. ముందు డ్రైవరు పక్కన సగం మనిషే పడతాడు. నేను ఆ సగంలోనే, ఒళ్లో సంచితో, రోడ్డు గుంతలన్నీ నడుముతో లెక్కపెట్టుకుంటూ వెళ్లాను.

కోటయ్య గారు ఇప్పుడు పడవల ఇంజిన్లు బాగుచేస్తున్నారు. అరవై దాటినా నిటారుగా ఉన్నారు, కానీ కుడికాలు కొంచెం ఈడుస్తారు. నా మాట విని స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

"మంచులో మా కాపలా పోస్టులో ఒక బండికి సైలెన్సరు పగిలింది తమ్ముడూ. కొత్తది రావాలంటే నెల. మేమే రేకు చుట్టి వెల్డింగు పెట్టి ఓ గొట్టం బిగించాం. స్టార్ట్ చేస్తే పులి గాండ్రించినట్టుంది. అందరూ చప్పట్లు. బండి ఎగిరిపోతందని మేమనుకున్నాం."

"నిజంగా బలం పెరిగిందా అన్నయ్య గారూ?"

"ఎవరు కొలిచారు? చెవులు చెప్పినాయి, మేం నమ్మాం. మూడో రోజు సరుకులేసుకుని పైకి పోతుంటే దారి మధ్యలో ఇంజిను వేడెక్కి పిస్టను పట్టేసింది. నేనూ ఇంకొకతనూ నడిచి వెనక్కి వచ్చాం. గాలి. ఎదర చెయ్యి పెడితే చెయ్యి కనబడదు." ఆయన చెప్పు విడిచి పాదం చూపించారు. బొటనవేలు, దాని పక్కది లేవు. "మంచు కొరికేసింది. నాకు రెండు వేళ్లతో పోయింది. అతనికి పాదమే తీసేశారు. ఆ గొట్టం వెల్డింగు చేసింది నేను."

లోపలి నుంచి వాళ్లావిడ "అన్నం తిని వెళ్లండి అన్నయ్యా" అన్నారు. పదిన్నరకే అన్నమేంటండి అన్నా వినలేదు. చేపల పులుసుతో పెట్టారు. బయల్దేరేటప్పుడు కోటయ్య గారు ఆటో దాకా వచ్చారు.

"ఊరికే వద్దని చెప్పకు తమ్ముడూ. కుర్రోడు వినడు. నన్ను కూడా మా హవల్దారు వద్దనే అన్నాడు. ఎందుకో చెప్పలా."

ఆ మాట రేపల్లె బస్టాండు దాకా నన్ను వదల్లేదు. పన్నెండుకు బాపట్ల బస్సు దొరికింది. చెరుకుపల్లి దాకా నిలబడే ప్రయాణం. అక్కడ సీటు దొరికి కూర్చుంటే కళ్లు మూతలు పడ్డాయి. కండక్టరు తట్టి లేపి, "బాపట్లండి. మీ బాకా మర్చిపోకండి" అన్నాడు.

ఎండ మండకపోయినా మొహం కమిలినట్టుంది. బస్టాండులో టీ తాగి, రెండు గంటలకు ల్యాబుకు చేరాను. ప్రసాద్ గారు లుంగీ మడిచినట్టు తెల్లకోటు మడిచి నడుముకు చుట్టుకుని పనిలో ఉన్నారు. విషయం విని, పాత టూ స్ట్రోక్ ఇంజినును యంత్రానికి కలిపారు. ముందు దాని సొంత సైలెన్సరుతో నడిపి, బలం చూపే మీటరు ముల్లు చూపించారు. తర్వాత నా సంచిలోది బిగించారు. ల్యాబు కిటికీలు గజగజలాడాయి.

"చూడండి. కింది వేగంలో ముల్లు వెనక్కి పోయింది. పైన ఇక్కడ మాత్రం చటుక్కున లేచింది. ఇది దాటితే మళ్లీ పడింది" అన్నారు.

"అంటే పెరిగినట్టా, తగ్గినట్టా?"

"రెండూనండి. ఒకచోట తీసుకుని ఇంకోచోట ఇస్తది. టూ స్ట్రోక్‌లో సైలెన్సరు పొగ వదలడానికే కాదు కదా. కాలకుండా జారిపోయే కొత్త పెట్రోలుగాలిని వెనక్కి నెట్టేది కూడా ఆ పొట్టే. ఏ వేగంలో నెట్టాలో దాని కొలత చెప్తది. మంచు బండికి ఫ్యాక్టరీవాళ్లు ఆ కొలత ముందే చూసి పెడతారు. మంచి గొట్టమైతే ఇంకాస్త వస్తది, కాదనను. కానీ దాంతోపాటు పెట్రోలు కొలిచి వదిలే కార్బురేటరు జెట్టు మార్చాలి, లేకపోతే పెట్రోలు చాలక ఇంజిను మాడిపోతది. స్కూటీలో మాదిరి బెల్టు ఉంటది కాబట్టి దాని పుల్లీలోని బరువులు కూడా సర్దాలి. లేకపోతే లేచిన బలం పట్టా దాకా పోదు."

నేను తలూపాను. అప్పుడాయన నవ్వుతూ, "మీరు ముప్పై అయిదేళ్ల మెకానిక్కు. చెవితో చెప్పండి చూద్దాం" అని ముల్లుకు అడ్డంగా ఒక ఫైలు పెట్టారు. మధ్య వేగంలో ఒకే బరువు మీద ఒకసారి పాతదీ, ఒకసారి కొత్తదీ నడిపారు. నేను సందేహం లేకుండా కొత్తదే అన్నాను. ఫైలు తీశారు. బలం పాతదానిదే ఎక్కువ.

మళ్లీ చెయ్యమన్నాను. మళ్లీ అదే తప్పు చెప్పాను.

ఎంతమందికి ఈ చెవుల్ని నమ్మి పని చేశానో! శివకు ఎన్నిసార్లు "నాకు వినపడుతుందిరా, నీకేం తెలుసు" అన్నానో! చేతులు కడుక్కుంటుంటే మసి కంటే ఆ తలపే ఎక్కువగా అంటుకుంది. సైలెన్సరు ల్యాబులోనే ఉంచెయ్యమని ప్రసాద్ గారికి చెప్పి వచ్చేశాను.

బాపట్లలో అయిదు దాటాక తెనాలి వైపు పాసింజరు వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. బండి కదలగానే శివకు ఫోను కలిపాను.

"మామయ్యా, కోప్పడకు. ఆగలేకపోయాను. పొద్దున్నే బిగించేశాను. భలే లాగుతోంది. రేపు ఇద్దరిని పై వాలుకు తీసుకెళ్లాలి."

నోట్లోకి వచ్చిన మాటలన్నీ మింగాను. "ఇంజిను చల్లారిందా?" అని అడిగాను.

"చల్లారింది."

"ప్లగ్గు విప్పి రంగు చెప్పు. జెట్టు మార్చావా?"

"జెట్టెందుకు?"

"ముందు ప్లగ్గు చూడు."

అప్పికట్ల స్టేషను వచ్చింది, పోయింది. ఫోనులో గాలి హోరు, పానా చప్పుడు వినిపిస్తున్నాయి. పెట్రోలు సరిపడా కాలే ఇంజినులో ప్లగ్గు కొన కాఫీ రంగులో ఉంటుంది, పెట్రోలు చాలక మాడే ఇంజినులో తెల్లబడుతుంది. అది ఏ మెకానిక్కుకైనా తెలుసు. శివకూ తెలుసు. అందుకే వాడు తిరిగి లైనులోకి వచ్చినప్పుడు గొంతు మారింది.

"తెల్లగా ఉంది మామయ్యా. సున్నం కొట్టినట్టుంది. చివర బొబ్బలు కూడా లేచాయి."

"ఒక్కరోజుకేనా?"

"ఒక్కరోజుకే."

తర్వాత వాడే అన్నాడు, "పాతది బిగించేస్తాను. రేపు ఒక్కొక్కరినే తీసుకెళ్తాను. కానీ ఎందుకిలా అయింది మామయ్యా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు ఉండటం అదే మొదటిసారి కాబోలు. నిడుబ్రోలు నుంచి మొదలుపెట్టాను. పొట్ట ఆకారం, వెనక్కి నెట్టే గాలి, జెట్టు, బెల్టు బరువులు, ముల్లు ఎక్కడ లేచి ఎక్కడ పడిందో, రెండుసార్లూ నా చెవి ఎలా మోసపోయిందో చెప్పాను. ఆ చివరిది విని వాడు నవ్వాడు. కోటయ్య గారి పాదం గురించి చెప్పినప్పుడు నవ్వలేదు. చుండూరు దగ్గర సిగ్నలు పోతే వాడే మళ్లీ చేశాడు.

తెనాలిలో దిగేసరికి కాళ్లు నావి కావన్నట్టున్నాయి. ప్లాట్‌ఫారం బెంచీ మీద కూలబడ్డాను. వాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు. పక్కన ఎవరో జరగమన్నారు. జరిగి, ఫోను రెండో చెవికి మార్చుకుని, చెప్పడం సాగించాను.