మందుల గదికి చీటీ

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ళు నిండీ నిండని రోజుల్లో, మా ఊళ్ళో మందుల గది పెట్టారు. మా ఊరు చిల్లకల్లు నుంచి రెండు మైళ్ళు లోపలికి ఉంటుంది. అంతకుముందు ఎవరికి జ్వరమొచ్చినా బండి కట్టుకుని రోడ్డు మీదకొచ్చి, జగ్గయ్యపేట బస్సు కోసమో నందిగామ బస్సు కోసమో ఎండలో నిలబడాల్సిందే. పంచాయతీ ప్రెసిడెంటుగా ఉన్న మా తాతయ్య ఎక్కడెక్కడికో తిరిగి, మంగళవారం, శుక్రవారం పొద్దున పూట నందిగామ నుంచి ఒక డాక్టరుగారు వచ్చేలా ఏర్పాటు చేయించాడు. మందులు పంచాయతీయే కొనేది.

మందులు కొద్దిగానే వచ్చేవి కాబట్టి ఒక నియమం పెట్టుకున్నారు. లేనివాళ్ళకి అంతా ఉచితం, ఉన్నవాళ్ళు ఫీజు కట్టాలి. ఎవరు లేనివాళ్ళో చూసి చీటీ రాసి సంతకం పెట్టే పని తాతయ్యది. "అందరికీ ఊరికే ఇస్తే ఉన్నవాడు ముందొచ్చి పట్టుకుపోతాడు, లేనివాడికి ఖాళీ సీసాలు మిగుల్తాయి" అనేవాడు. ఆ మాటలో తప్పుందని ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు. తాతయ్య కూడా ఆ పని ధర్మంగానే చేసేవాడు. మనవాడని ఒకరికి ఇవ్వడం, గిట్టనివాడని ఒకరికి ఎగ్గొట్టడం ఆయన ఎరగడు.

మా వెనక వీధిలో నా ఈడు పిల్ల ఒకతె ఉండేది. బళ్ళో నా పక్కనే కూర్చునేది. అచ్చంగిల్లాలు ఆడితే ఊళ్ళో దాన్ని గెలిచినవాళ్ళు లేరు. రాళ్ళు కుడిచేత్తో ఎగరేసి ఎడమచేత్తో పట్టేది, కళ్ళు మాత్రం మన మొహం మీదే ఉండేవి. వాళ్ళ నాన్న నాలుగెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేసేవాడు. నేను ఆయన్ని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఎవరినీ ఏమీ అడిగే మనిషి కాదు. మందుల గది పెట్టాక కూడా ఆయన ఒక్కసారీ చీటీ తీసుకోలేదు, వాళ్ళావిడకి జ్వరమొస్తే ఫీజు కట్టే చూపించాడు. ఆ ఏడు మాత్రం మిరపకి తెగులొచ్చి తోటంతా ముడుచుకుపోయింది.

ఒక మంగళవారం పొద్దున ఆ బాబాయి మా ఇంటికొచ్చాడు. అరుగు ఎక్కలేదు. కిందే నిలబడి తాతయ్య ఉన్నాడా అని అడిగాడు. నాయనమ్మ పెరట్లో ఉంది, గుమ్మంలో నేనొక్కదాన్నే ఉన్నాను.

"లేడు బాబాయ్. కోర్టు పనుందని నందిగామ వెళ్ళాడు. సాయంత్రానికి వస్తాడు" అన్నాను.

కాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత, "పాపకి గొంతు నొప్పిగా ఉందమ్మా, మింగలేకపోతోంది. చీటీ పుస్తకం లోపలుందేమో కాస్త చూస్తావా?" అన్నాడు.

పుస్తకం ఎక్కడుందో నాకు తెలుసు. తాతయ్య సంతకం చేసి ఉంచిన చీటీలు రెండు మూడు అందులో ఉన్నాయని కూడా తెలుసు. కానీ తను లేనప్పుడు ఆ పుస్తకం ఎవరూ ముట్టుకోకూడదని తాతయ్య గట్టిగా చెప్పి ఉన్నాడు.

"తాతయ్య లేకుండా ఇవ్వకూడదు బాబాయ్" అన్నాను. పెద్దదానిలా మాట్లాడానని లోలోపల కాస్త గర్వం కూడా కలిగింది.

"నిజమేలే తల్లీ. శుక్రవారం చూపిద్దాంలే" అని వెళ్ళిపోయాడు. నాలుగిళ్ళ అవతల మందుల గది ముందు డాక్టరుగారి స్కూటరు ఆగి ఉంది. ఆయన దాన్ని దాటుకుంటూ నడిచిపోవడం నేను చూశాను. చేతిలో ఫీజుకి డబ్బుల్లేవు. చీటీ లేకుండా లోపలికెళ్ళి బతిమాలడానికి ఆయనకి మనసు రాలేదు.

సాయంత్రం తాతయ్య వచ్చాడు. బాబాయి వచ్చి వెళ్ళిన సంగతి నేను చెప్పనే లేదు. ఆటల్లో పడి మర్చిపోయాను.

గురువారం పొద్దునకి ఆ పిల్ల మెడంతా వాచిపోయింది. ఊపిరి తీస్తుంటే వీధిలోకి వినపడేది. బండిలో రోడ్డు దాకా తీసుకెళ్ళి, అక్కడ బస్సెక్కించి బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. కంఠసర్పి, అదే డిఫ్తీరియా, అన్నారట. రెండు మూడు రోజులు ముందొస్తే బతికేదేమో అన్నారట. పొద్దుగూకే వేళకి ఆ పిల్లని తెల్ల దుప్పట్లో చుట్టి వెనక్కి తెచ్చారు. మమ్మల్నెవరినీ దగ్గరికి పోనివ్వలేదు.

మర్నాడు శుక్రవారం. డాక్టరుగారు ఊళ్ళో పిల్లలందరినీ పిలిపించి, వరసగా నిలబెట్టి, టార్చిలైటు వేసి గొంతులు చూశారు. కొందరికి ఇంజక్షన్లు ఇచ్చారు. ఆ రోజు ఒక్క పిల్లని కూడా నీకు చీటీ ఉందా అని అడగలేదు. మా తాతయ్య గోడకి ఆనుకుని అదంతా చూస్తూ నిలబడ్డాడు. నా వంతు వచ్చేసరికి నేను నోరు తెరవలేకపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. తాతయ్య నన్ను పక్కకి తీసుకెళ్తే, మంగళవారం జరిగిందంతా చెప్పేశాను.

"నువ్వు చెప్పింది నేను నేర్పిన మాటే అమ్మడూ. ఇందులో నీ తప్పేం లేదు. ఇది నేను మోసుకోవాల్సింది" అన్నాడు. నా చెయ్యి పట్టుకుని తిన్నగా వాళ్ళింటికి తీసుకెళ్ళాడు.

బాబాయి వాకిట్లో నేల మీద కూర్చుని ఉన్నాడు. తాతయ్య తన కండువా తీసి చేతిలో పట్టుకుని, ఆయన ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఊళ్ళో తాతయ్య అలా కింద కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"మంగళవారం మా ఇంటికొచ్చావట. నేను లేకపోయాను. ఉంటే..." అని ఆగిపోయాడు.

"మీరుంటే ఇచ్చేవారండీ. అది నాకు తెలుసు" అన్నాడు బాబాయి. ఆయన గొంతులో కోపం లేదు. "కానీ దానికి ఆదివారం నుంచీ నొప్పేనండి. మీ దగ్గరకొచ్చి అడగాలా వద్దా అని తేల్చుకోడానికే నాకు రెండు రోజులు పట్టింది."

తాతయ్య కండువా భుజాన వేసుకోకుండానే లేచి, నా చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచాడు.

పది రోజుల తర్వాత పంచాయతీ ముందు అందరినీ కూర్చోబెట్టి, ఇక చీటీలుండవు, మందుల గది ఊరందరికీ ఒకటే అన్నాడు. పంట చేతికొచ్చాక ఎకరానికింత అని అందరం వేద్దాం, ఎక్కువున్నవాళ్ళు ఎక్కువ వేస్తారు, మందు దగ్గర మాత్రం ఎవరు ఎంత వేశారని అడగొద్దు అన్నాడు. పెద్ద గొడవైంది. మేము వేసేదేంటి, వాళ్ళు తినేదేంటి అన్నవాళ్ళున్నారు. నూనె కొట్టాయన లేచి, "అందరికీ అంటే నెల తిరక్కుండా అయిపోతాయండీ. మీలాంటి వాళ్ళకి కూడా ఊరికేనా?" అని అడిగాడు.

"నాక్కూడానండి. నేనూ ఆ వరసలోనే నిలబడతా. మందులైపోతే నాకూ ఉండవు కదా, ఇక అయిపోకుండా చూసుకుంటా" అన్నాడు తాతయ్య.

అన్నట్టే మోకాళ్ళ నొప్పులకి మంగళవారాలు వరసలో నిలబడేవాడు. ముందుకి రమ్మన్నా వెళ్ళేవాడు కాదు. అలాగని అంతా సజావుగా సాగిందని చెప్పను. నూనె కొట్టాయన అన్నట్టు రెండుసార్లు మందులు నిండుకున్నాయి. తియ్యగా ఉంటుందని టానిక్కు కోసమే వచ్చేవాళ్ళు తయారయ్యారు. పంట వచ్చినా తమ వంతు వెయ్యకుండా తప్పించుకున్న ఆసాములతో తాతయ్య గట్టిగా పోట్లాడాల్సి వచ్చింది. అయినా చీటీ పుస్తకం మాత్రం మళ్ళీ తియ్యలేదు. బాబాయి ఆ తర్వాత మా ఇంటివైపు రాలేదు. ఎదురుపడితే ఆగి నా తల నిమిరి వెళ్ళేవాడు. నేను తలెత్తి ఆయన్ని చూడలేకపోయేదాన్ని.

ఇప్పుడు జగ్గయ్యపేటలో ఉంటున్నా. టీచరుగా రిటైరై చాలా ఏళ్ళయింది. మొన్న భోజనాల దగ్గర మా చెల్లెలి కొడుకూ, మా అమ్మాయి కూతురూ ఇదే విషయం మీద వాదించుకున్నారు. వాడికి నందిగామలో వ్యాపారం. పన్ను కట్టేది కొందరు, ప్రభుత్వం అందరికీ వైద్యం ఊరికే చేయిస్తే ఎన్నాళ్ళు నడుస్తుంది, లేనివాళ్ళకి ఇస్తే చాలదా అంటాడు. అది ఆసుపత్రిలో నర్సు. "తెల్లకార్డు చెల్లుతుందో లేదో అన్న భయంతోనే జనం ముదిరిపోయాక వస్తున్నారు మావయ్యా" అంటుంది. చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు.

ప్రభుత్వాలు ఎలా నడుస్తాయో నాకు తెలియదు. వాడి భయం ఉత్తదని కూడా అనలేను, మందులు నిండుకున్న రోజులు నేను చూశాను. నాకు తెలిసిన సంగతి ఒక్కటే చెప్పాను. "లేనివాళ్ళకే ఇద్దాం అనుకున్నప్పుడు, నాకు లేదు అని నోరు తెరిచి చెప్పడానికి ఒక మనిషికి ఎన్ని రోజులు పడుతుందో అది కూడా లెక్కలో వేసుకోండిరా" అన్నాను.

తాతయ్య నా తప్పు లేదన్నాడు. నేనింకా పూర్తిగా నమ్మలేదు. ముప్పై ఏళ్ళు బళ్ళో పనిచేసినప్పుడూ, ఇప్పుడూ, ఎవరైనా వచ్చి ఏదో చెప్పబోయి ఆగిపోతే, వాళ్ళు అడిగేదాకా నేను ఉండలేను. లోపలికి రండి, ఏమైందో చెప్పండి అని నేనే ముందు అంటాను.