అత్త కంటికెదురుగా భూమి

హోర్డింగులకెక్కే పెద్ద ఫ్లెక్సీల ముక్కల్ని అతికించడం ఆ కోడలి పని. నేలమీద మోకాళ్లతో పాకుతూ, అతుకు కనబడకుండా బొటనవేలితో నొక్కి నొక్కి కలుపుతుంది. ఒకనాడు, గడువు తీరి దించేసిన ఫ్లెక్సీ ఒకటి అడిగి ఇంటికి తెచ్చుకుంది. చంద్రుడి దగ్గర్నుంచి తీసిన భూమి ఫొటో అది. మంచాన పడ్డాక మాటలే మానేసిన అత్తకు చూడ్డానికి ఏదో ఒకటి ఉంటుందని, బొమ్మ కిందికి వచ్చేలా పైకప్పుకు కట్టింది. అత్త చాలాసేపు రెప్పవేయకుండా చూసింది.

"ఏమిటే అది?"

కోడలు గబుక్కున మంచం దగ్గరికొచ్చింది. "మన భూమి, అత్తయ్యా."

"మనిల్లెక్కడా?"

కోడలు స్టూలెక్కి తోచినచోట వేలు పెట్టింది. "ఇదిగో, ఈ మబ్బు కింద."

"మబ్బు పట్టిందని ఇంత తీరిగ్గా చెబుతావేం? పోయి ఆరేసిన బట్టలు తియ్యి!"

బయట ఎండ పేలిపోతోంది. అత్త మళ్లీ కసిరిందన్న సంబరంలో కోడలు పరుగున వెళ్లి తడిబట్టలన్నీ పట్టుకొచ్చేసింది.